కాలిన ఆయిల్ వాసన: ముందు ఎక్కడ కాలుతోందో తేల్చుకోండి

కారులో మాడిన నూనె వాసన వస్తోందంటూ పాఠకుల నుంచి వచ్చిన ఉత్తరాల్లో కొన్నింటికి ఈ సంచికలో జవాబులు ఇస్తున్నాం.

ప్రశ్న: మాది 2014లో కొన్న పెట్రోల్ హ్యాచ్‌బ్యాక్. ఇప్పటికి 92,000 కిలోమీటర్లు తిరిగింది. రెండు నెలలుగా సిగ్నల్ దగ్గర ఆగినప్పుడల్లా ఏసీ గాలితో పాటు మాడిన నూనె వాసన వస్తోంది. బండి వేగంగా పోతున్నంతసేపూ ఏమీ తెలియదు. ఇటీవల తిరుమల వెళ్లి, రెండో ఘాట్ రోడ్డు ఎక్కి పైన పార్కింగ్‌లో ఆపేసరికి వాసన మరీ ఘాటుగా వచ్చింది. నేల మీద ఒక్క చుక్క కూడా కనిపించదు, పొగ కూడా లేదు. మాకు తెలిసిన మెకానిక్ ఇంజిన్ బోర్‌కు వచ్చిందని, అంటే సిలిండర్ల లోపలి గోడలు అరిగిపోయాయని, దించి పని చేయాలని అంటున్నారు. చేయించమంటారా?
— ఒక పాఠకుడు, రాజమహేంద్రవరం

జవాబు: మీరు రాసిన లక్షణాలను బట్టి చూస్తే ఇంజిన్ దించే మాట ఇప్పుడే ఎత్తవలసిన అవసరం కనిపించడం లేదు. కాలిన ఆయిల్ వాసన రెండు చోట్ల పుడుతుంది. ఇంజిన్‌లోంచి బయటికి కారిన ఆయిల్ వేడి లోహం మీద పడి కాలడం ఒకటి. పిస్టన్ రింగులను దాటుకునో, వాల్వ్ సీళ్ల మీదుగానో సిలిండర్‌లోకి చేరిన ఆయిల్ పెట్రోల్‌తో కలిసి కాలిపోయి సైలెన్సర్ గుండా బయటికి పోవడం రెండోది. మొదటిది చిన్న కార్లలో చాలావాటికి వందల రూపాయల ప్యాకింగ్‌తో పోయే జబ్బు. రెండోది నిజమైతే ఖర్చు వేలల్లో ఉంటుంది. ఈ రెంటిలో మీది ఏదో తేల్చకుండా పానా పట్టుకోవడం తొందరపాటు.

మీ కారు ఆగినప్పుడే వాసన రావడం పెద్ద ఆధారం. బండి కదులుతున్నంతసేపూ ఎదురుగాలి బానెట్ లోపలి ఆవిరిని కిందికీ వెనక్కీ ఈడ్చుకుపోతుంది. ఆగిన వెంటనే ఆ గాలి ఉండదు. వేడి ఆవిరి నిలువుగా పైకి లేచి, ముందు అద్దం అడుగున వైపర్ల దగ్గరున్న జాలీలోంచి లోపలికి వస్తుంది, ఎందుకంటే బ్లోయర్ బయటి గాలిని పీల్చుకునేది అక్కడి నుంచే. ఈసారి వాసన వచ్చినప్పుడు, బయటి గాలిని ఆపి లోపలి గాలినే తిప్పే మీట నొక్కి చూడండి. కాసేపట్లో వాసన తగ్గితే అది బానెట్ కింది నుంచి వస్తున్నట్టే లెక్క. ఆయిల్ సిలిండర్ లోపల కాలుతుంటే ఆ వాసన మీకన్నా ముందు మీ వెనుక బండివారికి తెలుస్తుంది, సైలెన్సర్ చివర నీలిరంగు పొగ కూడా కనిపిస్తుంది.

ఘాట్ రోడ్డు ఎక్కాక వాసన పెరగడంలో కూడా ఆశ్చర్యం లేదు. తక్కువ గేర్లలో, ఎక్కువ భారంతో, తక్కువ ఎదురుగాలిలో ఎక్కుతున్నప్పుడు ఎగ్జాస్ట్ మ్యానిఫోల్డ్, అంటే సిలిండర్ల నుంచి వేడి పొగను సైలెన్సర్‌లోకి పంపే గొట్టాల గుత్తి, కొన్ని వందల డిగ్రీల వేడికి చేరుతుంది. ఇంజిన్ ఆయిల్ సుమారు 200 డిగ్రీల సెల్సియస్ దాటేసరికే మండగల ఆవిరిని వదలడం మొదలుపెడుతుంది. కాగిన పెనం మీద పడ్డ చుక్కలాగా ఆ ఆయిల్ అక్కడికక్కడే ఆవిరైపోతుంది కాబట్టి నేల దాకా రాదు. పైగా ఈ కాలపు కార్లకు ఇంజిన్ అడుగున ప్లాస్టిక్ పళ్లెం ఉంటుంది. చుక్క తప్పించుకుని జారినా అందులోనే నిలిచిపోతుంది. నేల శుభ్రంగా ఉందన్న కారణంతో లీకు లేదని చెప్పడం సరికాదు.

ఇంత వయసున్న పెట్రోల్ కారులో మొదట అనుమానించవలసింది టాపెట్ కవర్ ప్యాకింగ్‌నే. ఇంజిన్ నెత్తిన ఉండే ఆ కవర్ చుట్టూ ఉన్న రబ్బరు ఏళ్ల తరబడి వేడికి గట్టిపడి, సాగే గుణం పోగొట్టుకుని, అంచుల్లో సన్నగా చెమ్మను వదులుతుంది. ఆ చెమ్మ సరిగ్గా మ్యానిఫోల్డ్ ఉన్న వైపు జారితే వాసన, మరో వైపు జారితే ఇంజిన్‌కు పట్టిన మురికి మాత్రమే. మ్యానిఫోల్డ్ కొన్ని కార్లలో రేడియేటర్ వైపు, కొన్నింటిలో వెనుక క్యాబిన్ గోడ వైపు ఉంటుంది. వెనుక ఉన్న కార్లలో ఈ లీకు మామూలు చూపుకు అందదు. ఫోన్ టార్చ్ వెలిగించి కెమెరాను ఇంజిన్ వెనక్కి పెట్టి వీడియో తీస్తే చాలావరకు బయటపడుతుంది.

చూసే ముందు కడగాలి. ఆయిల్ కిందికి జారుతుంది, ఎదురుగాలికి వెనక్కి చిమ్ముతుంది. అందువల్ల తడిసి కనిపించే చోటు వేరు, కారుతున్న చోటు వేరు. కింద ఆయిల్ సంప్, అంటే ఇంజిన్ అడుగున ఆయిల్ నిలిచే తొట్టి, తడిగా ఉందని సంప్ ప్యాకింగ్ మార్చి, పైనున్న టాపెట్ కవర్‌ను అలాగే వదిలేసిన బండ్లు షెడ్లలో తరచుగా కనిపిస్తాయి. ఇంజిన్ పూర్తిగా చల్లారాక ఆల్టర్నేటర్‌కూ, స్పార్క్ ప్లగ్‌లకు కరెంటు ఇచ్చే కాయిల్ కనెక్టర్లకూ ప్లాస్టిక్ కవర్లు చుట్టి, డీగ్రీజర్ చల్లి, బ్రష్‌తో రుద్ది, తడిగుడ్డతో తుడిపించండి. ప్రెషర్ పంపుతో నీళ్లు కొట్టనివ్వకండి. బాగా ఆరాక పదిహేను, ఇరవై కిలోమీటర్లు నడిపి, మళ్లీ చల్లారాక పై నుంచి కిందికి వరుసగా చూడాలి: టాపెట్ కవర్ అంచు, దాని మూలలు, టైమింగ్ కవర్ అతుకు, సెన్సర్ల కింద ఉండే రబ్బరు రింగులు, ఆయిల్ ప్రెషర్ స్విచ్, ఆయిల్ ఫిల్టర్. అన్నింటికన్నా ఎత్తులో కనిపించిన తాజా తడి మీరు వెతుకుతున్న చోటు. అప్పటికీ అనుమానం తీరకపోతే, అనుమానమున్న అంచు మీద పల్చగా టాల్కమ్ పౌడర్ అద్ది మరోసారి నడిపితే చెమ్మ గీత స్పష్టంగా కనిపిస్తుంది. ఆయిల్‌లో మెరిసే రంగు కలిపి అతినీలలోహిత లైటుతో వెతికే పద్ధతి కూడా ఉంది గాని, టాపెట్ కవర్ విషయంలో అంతదాకా పోవలసిన పని అరుదుగా వస్తుంది.

అదే సమయంలో స్పార్క్ ప్లగ్ గుంటల్లోకి కూడా తొంగిచూడమనండి. కాయిల్ పైకి తీసినప్పుడు గుంటలో ఆయిల్ నిలిచి ఉంటే ప్లగ్ ట్యూబ్ సీళ్లు పోయినట్టు. ఆ ఆయిల్‌ను గుడ్డతోనో సిరంజితోనో పూర్తిగా తీశాకే ప్లగ్ విప్పాలి, లేకపోతే అదంతా సిలిండర్‌లోకి దిగుతుంది. ఈ సీళ్లు చాలా ఇంజిన్లకు ప్యాకింగ్‌తో పాటే దొరుకుతాయి.

ప్యాకింగ్ మార్చడం పెద్ద విద్య కాదు, కానీ చెడగొట్టడం మరీ తేలిక. పాత రబ్బరు ముక్కలను అల్యూమినియం మీద ఇనుప చాకుతో గీకకూడదు. ప్లాస్టిక్ గీకుడు ముక్క వాడాలి. కొత్త ప్యాకింగ్ చుట్టూ మన షెడ్లలో పూసినట్టు సీలెంట్ దట్టంగా పూయకూడదు. టైమింగ్ కవర్ హెడ్‌ను (టాపెట్ కవర్ కూర్చునే భాగాన్ని) కలిసే మూలల్లో, కంపెనీ చెప్పిన చోట మాత్రమే బొట్టంత పెట్టాలి. ఎక్కువైన సీలెంట్ లోపలి వైపు ఊడి ఆయిల్ పంపు జల్లెడకు అడ్డుపడిందంటే లీకు కన్నా పెద్ద ప్రమాదం. ఈ కవర్ బోల్టులకు చాలా ఇంజిన్లలో చెప్పే బిగువు 10 న్యూటన్ మీటర్ల చుట్టుపక్కలే. మధ్య బోల్టుల నుంచి చివరలకు, రెండు విడతలుగా, టార్క్ రెంచ్‌తో బిగించాలి. ‘ఇంకొంచెం గట్టిగా బిగిస్తే కారదు’ అనుకుంటే రబ్బరు పక్కకు ఉబికి వస్తుంది, లేదా హెడ్‌లో మరలు పోతాయి. కవరే ప్లాస్టిక్‌దై వేడికి వంకర తిరిగి ఉంటే మాత్రం ప్యాకింగ్ ఒక్కటే మార్చి లాభం లేదు. పని బాగా జరిగినా మ్యానిఫోల్డ్ రేకుల మీద మిగిలిన పాత ఆయిల్ కాలిపోయేదాకా కొన్ని రోజులు వాసన ఉంటుంది, కంగారు పడకండి.

ఇక బోర్ సంగతి. మీ మెకానిక్ మాటను కొట్టిపారేయడం లేదు, నిరూపించమని అడగమంటున్నాను. సమతలంగా ఉన్న చోట బండి ఆపి, ఇంజిన్ ఆగిన అయిదు, పది నిమిషాల తర్వాత డిప్‌స్టిక్ (ఆయిల్ మట్టం కొలిచే కడ్డీ) తీసి చూసి మట్టం రాసిపెట్టుకోండి. 1000 కిలోమీటర్లు తిరిగాక మళ్లీ అదే చోట అలాగే చూడండి. కొన్ని కంపెనీల మాన్యువళ్లు 1000 కిలోమీటర్లకు అర లీటరు దాకా ఖర్చవడాన్ని కూడా మామూలుగానే పరిగణిస్తాయి. బయట ఎక్కడా తడి లేకుండా అంతకు మించి తగ్గుతుంటే ఆయిల్ లోపలే కాలుతున్నట్టు. పొద్దున మొదటి స్టార్టులో గుప్పున నీలి పొగ వచ్చి ఆగిపోతే వాల్వ్ సీళ్లను, యాక్సిలరేటర్ తొక్కినప్పుడల్లా వస్తుంటే రింగులను అనుమానించాలి. ఆ తర్వాత కంప్రెషన్ పరీక్ష చేయించండి. ఏ సిలిండర్‌లోనైనా ఒత్తిడి తక్కువగా ఉంటే అందులో చెంచాడు ఆయిల్ పోసి మళ్లీ కొలుస్తారు. ఒత్తిడి పెరిగితే లోపం రింగులదీ బోరుదీ, పెరగకపోతే వాల్వులవైపుది. ఈ అంకెలు మీ చేతికి రాకుండా ఇంజిన్ దించడానికి ఒప్పుకోవద్దు.

ప్రశ్న: టాపెట్ కవర్ ప్యాకింగ్ ఏడాదిలో రెండుసార్లు మార్పించాను. రెండుసార్లూ కొన్ని నెలలకే మళ్లీ కారడం, మళ్లీ అదే వాసన. ఈసారి చిక్కటి ఆయిల్ పోస్తే ఆగిపోతుందని చెబుతున్నారు. కంపెనీ చెప్పింది 0డబ్ల్యూ-20, వీరు పోస్తామంటున్నది 20డబ్ల్యూ-50.
— ఒక పాఠకురాలు, కరీంనగర్

జవాబు: చిక్కటి ఆయిల్ వద్దండి. సన్నని ఆయిల్ దారులతో, వాల్వ్ టైమింగ్‌ను ఆయిల్ ఒత్తిడితో మార్చే ఏర్పాటుతో తయారైన ఇంజిన్‌కు అంత చిక్కటి ఆయిల్ పోస్తే, చల్లగా ఉన్నప్పుడు అందవలసిన చోటికి అది ఆలస్యంగా అందుతుంది. లీకులు ఆపే ద్రవాలు కూడా రబ్బరును కొంతకాలం ఉబ్బించి మభ్యపెట్టేవే.

కొత్త ప్యాకింగ్ రెండుసార్లు ఓడిపోయిందంటే దాన్ని లోపలి నుంచి ఏదో తోస్తోందని అర్థం. మండిన వాయువుల్లో కొంత భాగం ఎంత మంచి ఇంజిన్‌లోనైనా రింగులను దాటి కిందికి, క్రాంక్ తిరిగే అడుగు గది అయిన క్రాంక్ కేసులోకి దిగుతుంది. ఆ వాయువును తిరిగి ఇన్‌టేక్‌లోకి, అంటే ఇంజిన్ గాలి పీల్చే దారిలోకి, లాగి కాల్చేయడానికి పీసీవీ వాల్వ్ అనే చిన్న భాగం, దానికో గొట్టం ఉంటాయి. అవి జిగురు మడ్డితో మూసుకుపోతే లోపల ఒత్తిడి పెరిగి, ఎక్కడ బలహీనంగా ఉంటే అక్కడి నుంచి ఆయిల్‌ను బయటికి నెడుతుంది. టాపెట్ కవర్ తర్వాత క్రాంక్ సీళ్ల వంతు వస్తుంది. వెనుక క్రాంక్ సీల్ దాకా వస్తే గేర్‌బాక్స్ దించాలి. సీల్ ఖరీదు కొద్దిపాటిదే అయినా కూలి దానికి ఎన్నో రెట్లు అవుతుంది.

పరీక్ష మీ ఇంటి ముందే చేసుకోవచ్చు. ఇంజిన్ వేడెక్కాక, ఐడిలింగ్‌లో ఉండగా, ఆయిల్ పోసే మూత జాగ్రత్తగా తీసి ఆ రంధ్రం మీద పల్చటి కాగితం ముక్క ఉంచండి. కాగితం రంధ్రానికి అతుక్కున్నట్టు నిలిస్తే పీసీవీ పని చేస్తున్నట్టు. ఎగిరి పడుతుంటే లోపల ఒత్తిడి ఉన్నట్టు. పెట్రోల్ ఇంజిన్లలో ఎక్కువ భాగానికి ఈ పరీక్ష సరిపోతుంది. టర్బో డీజిల్‌లో కొంచెం ఊదడం సహజం కాబట్టి వాటికి దీన్ని ప్రమాణంగా తీసుకోకూడదు. కాగితం ఎగిరితే వాల్వ్ మార్పించి, గొట్టం శుభ్రం చేయించి, ఆ తర్వాతే మూడో ప్యాకింగ్ వేయించండి. వాల్వ్ కొత్తదైనా కాగితం అలాగే ఎగురుతుంటే రింగుల నుంచి దిగే వాయువే ఎక్కువగా ఉందని అనుమానించాలి. అప్పుడు మొదటి జవాబులో చెప్పిన కంప్రెషన్ పరీక్ష తప్పదు.

మడ్డి ఎందుకు పట్టిందన్నది కూడా చూసుకోవాలి. ఇంటి నుంచి బడికి, బడి నుంచి అంగడికి అన్నట్టు రెండు మూడు కిలోమీటర్ల ప్రయాణాలే చేసే కార్లలో ఆయిల్ పూర్తిగా వేడెక్కక, అందులోని నీటి చెమ్మ, పెట్రోల్ చెమ్మ ఆవిరి కాకుండా నిలిచిపోతాయి. అలాంటి వాడకంలో కిలోమీటర్లు నిండలేదని ఆయిల్ మార్పును ఏడాదికి మించి వాయిదా వేయకండి.

ప్రశ్న: నిన్న సర్వీసింగ్ చేయించాను. ఈ రోజు నుంచే మాడిన వాసన. వెనక్కి తీసుకెళ్లాలా?
— ఒక పాఠకుడు, ఒంగోలు

జవాబు: ముందు బండి ఆపి, చల్లారాక డిప్‌స్టిక్, ఆయిల్ మూత చూడండి. ఫిల్టర్ విప్పినప్పుడు ఒలికిన ఆయిల్ మ్యానిఫోల్డ్ మీదో, సైలెన్సర్ గొట్టం మీదో పడి ఉంటే ఒకటి రెండు రోజుల్లో కాలిపోయి వాసన దానంతటదే పోతుంది. ఆయిల్ మూత వదులుగా ఉండిపోవడం, పాత ఫిల్టర్ రబ్బరు రింగు ఇంజిన్‌కే అతుక్కుని దాని మీదే కొత్త ఫిల్టర్ బిగించడం, డ్రెయిన్ బోల్టు వాషర్ మార్చకపోవడం మాత్రం ఆగే లీకులు కావు. రింగు మీద రింగు పడిన ఫిల్టర్ ఉన్నట్టుండి ఊడినంత పని చేసి, ఆయిల్ మొత్తం నిమిషాల్లో పోయే అవకాశం ఉంది. కనుక ఆయిల్ మట్టం తగ్గినా, ఫిల్టర్ చుట్టూ తడి కనిపించినా నడుపుకుంటూ వెళ్లకుండా వారినే రమ్మనండి. మట్టం పై గీతను బాగా దాటి ఉంటే అదనపు ఆయిల్ తీయించాలి. ఎక్కువైన ఆయిల్ క్రాంక్ తిరుగుడుకు నురగై ఇన్‌టేక్‌లోకి చేరుతుంది.

ప్రశ్న: మాది బీఎస్-6 డీజిల్ ఎస్‌యూవీ. ఊళ్లోనే తిరుగుతుంది. అప్పుడప్పుడూ ఇంటికొచ్చి ఆపాక ఫ్యాన్ పెద్దగా తిరుగుతూ, కాలుతున్న వాసన వస్తుంది. ఆయిల్ మట్టం చూస్తే తగ్గడం మాట అటుంచి, పెరిగింది! టర్బో పోయిందా?
— ఒక పాఠకుడు, హనుమకొండ

జవాబు: మట్టం పెరిగిందన్న మాటే దీనికి జవాబు చెబుతోంది. 2020 ఏప్రిల్ 1 నుంచి అమలైన బీఎస్-6 కాలుష్య నిబంధనల కోసం డీజిల్ కార్లకు మసిని పట్టుకునే డీపీఎఫ్ అమర్చారు. అది నిండినప్పుడు ఇంజిన్ తనంతట తానే అదనపు డీజిల్ చిమ్మి, సుమారు 600 డిగ్రీల వేడి పుట్టించి మసిని కాల్చేస్తుంది. ఐడిలింగ్ కొద్దిగా పెరగడం, ఫ్యాన్ హోరు, వేడి లోహపు వాసన ఆ సమయంలో సహజం. మీరు మధ్యలోనే ఇంజిన్ ఆపేస్తుండటంతో ఆ పని పూర్తికాక మళ్లీ మళ్లీ మొదలవుతోంది. చిమ్మిన డీజిల్‌లో కొంత సిలిండర్ గోడల మీదుగా ఆయిల్‌లోకి దిగుతోంది. డీజిల్ కలిసి పల్చబడ్డ ఆయిల్ బేరింగులను కాపాడలేదు. వెంటనే ఆయిల్ మార్పించి, వారానికొకసారైనా వరంగల్–హైదరాబాద్ రహదారి లాంటి చోట ఇరవై నిమిషాలు ఆగకుండా, స్థిరమైన వేగంతో నడపండి.

ఇంజిన్‌లోకి గాలిని ఒత్తిడితో నెట్టే టర్బో సీళ్లు పోతే లక్షణాలు దీనికి భిన్నంగా ఉంటాయి. మట్టం తగ్గుతుంది, నీలి పొగ వస్తుంది, ఆ గాలిని చల్లబరిచే ఇంటర్‌కూలర్ గొట్టం విప్పితే ఆయిల్ నిలిచి ఉంటుంది. సన్నని జిడ్డు పొర మాత్రం మామూలే. ఆయిల్ నిలిచి ఉంటే బండిని నడపకూడదు. డీజిల్ ఇంజిన్ తన ఆయిల్‌నే ఇంధనంగా పీల్చుకోవడం మొదలుపెడితే తాళం చెవి తిప్పినా ఆగదు. మాన్యువల్ గేర్ల బండిలో టాప్ గేరు వేసి, బ్రేకు గట్టిగా తొక్కి, క్లచ్ వదిలి దాని ఊపిరి ఆపవలసి వస్తుంది.

ప్రశ్న: అరకు ఘాట్‌లో వచ్చే వాసన ఆయిల్‌దో, క్లచ్‌దో, బ్రేకులదో ఎలా గుర్తుపట్టాలి? ఏ వాసనకు బండి ఆపేయాలి?
— ఒక పాఠకుడు, విశాఖపట్నం

జవాబు: ఎక్కుతున్నప్పుడు, ముఖ్యంగా వాలులో ఆగి కదిలినప్పుడు, కాలిన కాగితం లాంటి ఘాటు వస్తే క్లచ్. దిగుతున్నప్పుడు వస్తే బ్రేకులు. చక్రాల దగ్గరగా అరచేయి పెట్టి (తాకకుండా) చూస్తే, పట్టేసిన బ్రేకు ఉన్న చక్రం మిగతా వాటికన్నా ఎక్కువ సెగ కొడుతుంది. తియ్యటి వాసన వస్తే కూలెంట్. అప్పుడు టెంపరేచర్ ముల్లు చూడాలి, రేడియేటర్ మూత వేడిగా ఉండగా తీయకూడదు. ఆయిల్ వాసన వీటన్నింటికీ భిన్నంగా జిడ్డుగా, గొంతు పట్టేసేలా ఉండి, ఆగిన తర్వాత ఎక్కువవుతుంది.

అనంతపురం వైపు, తెలంగాణ పల్లెల్లో కోతల కాలంలో ఉలవ కట్టె, కంది కట్టె, వరిగడ్డి రోడ్డు మీద పరిచి నూర్పిళ్లు చేస్తారు. వాటి మీదుగా పోయిన కారు సైలెన్సర్‌కు ఆ గడ్డి చుట్టుకుని రాజుకుంటుంది. దీన్ని ఆయిల్ వాసనగా పొరబడి ముందుకు పోతే మొత్తం కారే అంటుకోవచ్చు. గడ్డి తొక్కించుకుని వచ్చాక మాడిన వాసన వస్తే వెంటనే ఆపి అడుగున చూడండి.

మాడిన ఆయిల్ వాసన ఒక్కటే ఉంటే, మట్టం గీతల మధ్య ఉంటే, షెడ్డు దాకా నెమ్మదిగా వెళ్లవచ్చు. డ్యాష్‌బోర్డు మీద ఆయిల్ హెచ్చరిక లైటు వెలిగినా, పెట్రోల్ వాసన లేదా ప్లాస్టిక్ కాలిన వాసన వచ్చినా, బానెట్ సందుల్లోంచి పొగ కనిపించినా బండి పక్కకు తీసి, ఇంజిన్ ఆపి, అందరినీ దూరంగా దింపాలి. పొగ వస్తున్న బానెట్‌ను ఒక్కసారిగా పూర్తిగా ఎత్తవద్దు, గాలి తగలగానే మంట లేస్తుంది. లాక్ మాత్రం వదిలి, ఆ సన్నని సందులోంచి అగ్నిమాపక సిలిండర్ కొట్టాలి. అది లేకపోతే దూరంగా నిలబడి 101కి ఫోన్ చేయండి.